గ్యాస్ ఆరబెట్టే కాలమ్‌ను పెద్దది చేయాలంటే: వెడల్పు పెంచాలా, ఎత్తు పెంచాలా, బెడ్ల సంఖ్య పెంచాలా, సైకిల్ తగ్గించాలా?

ల్యాబ్‌లో 5 సెం.మీ. వ్యాసమున్న కాలమ్ చక్కగా నడిచింది. నీటిని పట్టుకునే సన్నటి రంధ్రాలున్న మాలిక్యులర్ సీవ్ గుళికలు నింపారు, తేమ ఉన్న గ్యాస్ పంపారు, డ్యూ పాయింట్ (గ్యాస్‌లోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) అనుకున్నంత కిందికి దిగింది. ఇప్పుడు అదే పని వెయ్యి రెట్లకు పైగా గ్యాస్‌తో చేయాలి. అందుకు నాలుగు దారులున్నాయి. వెసెల్‌ను, అంటే గుళికలు నింపే పాత్రను, లావు చేయొచ్చు. అందులోని గుళికల బెడ్ ఎత్తు పెంచి గ్యాస్‌ను వేగంగా తోయొచ్చు. ఒకేలాంటి వెసెల్స్‌ను పక్కపక్కన పెట్టొచ్చు. లేదా బెడ్‌ను చిన్నగానే ఉంచి సైకిల్ తగ్గించి, ఎక్కువసార్లు రీజనరేట్ చేయొచ్చు, అంటే పట్టిన తేమను వదిలించి మళ్లీ వాడుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చాలామంది తేమను పట్టే దశను చూసి దారి ఎంచుకుంటారు. పెద్ద బెడ్‌లో అసలు కష్టం వేడి దగ్గర వస్తుంది. పట్టేటప్పుడు పుట్టే వేడి ఎటు పోతుంది, రీజనరేషన్‌కు ఇచ్చే వేడి బెడ్ అంతటికీ సమంగా చేరుతుందా అన్న రెండు ప్రశ్నలకు సన్నటి ల్యాబ్ కాలమ్ సరైన జవాబు ఇవ్వదు. అందుకే కింద ఏ దారిని తూచినా ఆ రెండింటి మీదే ఎక్కువసేపు ఆగాను.

## ముందు వేటిని చూడాలి

జోన్ పొడవు. తేమ బెడ్‌లో ఒక అలలా ముందుకు కదులుతుంది. అల వెనక నిండిపోయిన గుళికలుంటాయి, ముందు ఇంకా పొడిగా ఉన్నవి, మధ్యలో సగం సగం నిండిన ఒక పట్టీ. దాన్నే మాస్ ట్రాన్స్‌ఫర్ జోన్ అంటాం. ఆ పట్టీ ముందు అంచు బయటి ద్వారాన్ని తాకితే బ్రేక్‌త్రూ. అప్పటికి పట్టీలో సగం దాకా సామర్థ్యం వాడకుండానే మిగిలిపోతుంది. దీన్ని ‘వాడని బెడ్ పొడవు’గా లెక్కేస్తారు: బ్రేక్‌త్రూ సమయాన్ని, అల సరిగ్గా నిలువుగా ఉండి ఉంటే పట్టే సమయంతో భాగించి, 1 నుంచి తీసేసి, బెడ్ పొడవుతో హెచ్చించాలి.

గ్యాస్ వేగం, గుళిక సైజు మారకపోతే ఈ పొడవు పెద్ద బెడ్‌లోనూ దాదాపు అంతే ఉంటుంది. స్కేలప్‌కు (ల్యాబ్ నుంచి పెద్ద సైజుకు వెళ్లడానికి) ఇంతకంటే గట్టి ఆధారం లేదు. అందాజాకు ఒక అంకె చెప్తాను. అధిక పీడన సహజ వాయువులో, నిమిషానికి 10 మీటర్ల చుట్టూ వేగం దగ్గర, 3 మి.మీ. గుళికలకు జోన్ దాదాపు అర మీటరు, 1.6 మి.మీ. గుళికలకు అందులో సగం. అంటే 15 సెం.మీ. బెడ్‌తో చేసిన ల్యాబ్ పరీక్షలో అసలు జోన్ పూర్తిగా ఏర్పడనే లేదు. ఆ పరీక్షలో బయటికొచ్చే తేమ కాలంతో ఎలా పెరిగిందో చూపే కర్వ్ నుంచి తీసిన ‘వాడని పొడవు’ను పెద్ద డిజైన్‌లోకి తీసుకెళ్లకూడదు.

ల్యాబ్‌లో గుళికలను పొడి చేసి వాడినా ఇదే చిక్కు. గుళిక లోపలికి తేమ చేరే సమయం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. సగం సైజు గుళిక నాలుగు రెట్లు త్వరగా స్పందిస్తుంది, జోన్ లేనంత పొట్టిగా కనిపిస్తుంది.

పుట్టే వేడి. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. నీటి ఆవిరి మామూలుగా ద్రవమైతే కిలోకు దాదాపు 2,450 కిలోజౌళ్ల వేడి విడుదలవుతుంది. అదే నీరు మాలిక్యులర్ సీవ్‌కు అంటుకుంటే డిజైన్‌లో వాడే అంకె 4,200 దాకా ఉంటుంది. సన్నటి కాలమ్‌లో ఈ వేడి గోడ గుండా జారిపోతుంది. 5 సెం.మీ. కాలమ్‌లో ఒక ఘనమీటరు బెడ్‌కు 80 చదరపు మీటర్ల గోడ ఉంటుంది. 2 మీటర్ల వెసెల్‌లో అదే ఘనమీటరుకు 2 చదరపు మీటర్లే. కాబట్టి పెద్ద బెడ్‌లో వేడి బయటికి పోదు, గుళికలు వేడెక్కుతాయి, వేడెక్కిన గుళిక తక్కువ తేమను పడుతుంది, బ్రేక్‌త్రూ ముందుకు జరుగుతుంది.

ఎంత వేడెక్కుతుందనేది పీడనం మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గాలిని తీసుకుందాం. వాతావరణ పీడనంలో కిలో పొడి గాలికి 27 గ్రాముల నీరుంటుంది. ఆ వేడినంతా గాలే మోయాల్సి వస్తే పెరుగుదల 110 డిగ్రీలు దాటుతుందని కాగితం మీద లెక్క తేలుతుంది. అంత వేడిలో గుళికలు అంత తేమ పట్టవు కాబట్టి నిజంగా అక్కడికి చేరదు. కానీ ఆ అంకె ప్రమాదం ఎంతటిదో చెబుతుంది. 8 బార్ల దగ్గర నీరు 3.3 గ్రాములు, పెరుగుదల 14 డిగ్రీలు. 60 బార్ల దగ్గర నీరు అర గ్రాము చుట్టూ, పెరుగుదల 2 డిగ్రీలు.

ఈ మూడు అంకెలే సగం నిర్ణయం చేసేస్తాయి. అధిక పీడన గ్యాస్ అయితే ల్యాబ్ డేటాను వేడి విషయంలో భయం లేకుండా నమ్మొచ్చు. తక్కువ పీడనంలో తడి గాలి అయితే, గోడ గుండా వేడి కోల్పోయిన ల్యాబ్ కర్వ్ మీద సైజు వేస్తే బెడ్ చిన్నదైపోతుంది.

ఇంకో మాట. 5 సెం.మీ. కాలమ్‌లో 3 మి.మీ. గుళికలు వేస్తే అడ్డంగా 16 గుళికలే పడతాయి. గోడ పక్కన ఖాళీలు ఎక్కువ, గ్యాస్ అక్కడ వేగంగా జారుతుంది, కర్వ్ సాగుతుంది. కనీసం 20 ఉంటే మేలు. ఈ తప్పు ల్యాబ్ ఫలితాన్ని ఉన్నదానికంటే చెడుగా చూపిస్తుంది, వేడి తప్పు మంచిగా చూపిస్తుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే డేటా మోడల్‌తో అందంగా సరిపోతుంది. పెద్ద వెసెల్‌లో మాత్రం ఒకటే తప్పు మిగులుతుంది.

ప్రెషర్ డ్రాప్. బెడ్ దాటేటప్పుడు గ్యాస్ కోల్పోయే పీడనం ఇది. గ్యాస్ ప్లాంట్లలో బెడ్ మొత్తానికి 35 కిలోపాస్కల్స్ చుట్టూ పెట్టుకుంటారు, 55 దాటనివ్వరు. దాటితే కంప్రెసర్ ఖర్చు పెరుగుతుంది, కింది గుళికలు నలుగుతాయి. 1952లో వచ్చిన ఎర్గన్ సమీకరణం ఈ లెక్కకు ఇప్పటికీ చాలు.

రీజనరేషన్. లెక్కతోనే చూద్దాం. వెయ్యి కిలోల 4ఏ సీవ్ (మాలిక్యులర్ సీవ్‌లో ఒక రకం), దానిలో 100 కిలోల నీరు, వెయ్యి కిలోల స్టీలు. 30 నుంచి 260 డిగ్రీలకు తీసుకెళ్లాలి. నీటిని విడిపించడానికి 420 మెగాజౌళ్లు, సీవ్‌ను వేడి చేయడానికి 230, స్టీలుకు 115. బయటికి పోయేదానికి పది శాతం కలిపితే 840 దాకా వస్తుంది. ఇది బెడ్‌లో దిగాల్సిన వేడి. దశ చివర్లో గ్యాస్ వేడిగానే బయటికి పోతుంది కాబట్టి హీటర్ దీనికంటే చాలా పెద్దదే కావాలి. పైగా ఈ వేడి తక్కువ ఫ్లోతో, అడ్డకోత అంతటా సమంగా వెళ్లాలి. అందుకు రీజనరేషన్ గ్యాస్‌కు కూడా మీటరుకు కనీసం 0.23 కిలోపాస్కల్స్ ప్రెషర్ డ్రాప్ ఉండాలని చూస్తారు. లేకపోతే గ్యాస్ సులువైన దారి వెతుక్కుంటుంది, కొన్ని చోట్ల గుళికలు తడిగానే మిగిలిపోతాయి.

వాల్వులు, నమ్మకం. స్విచింగ్ వాల్వు సన్నగా కారినా తడి గ్యాస్ పొడి లైన్‌లో కలుస్తుంది. వాల్వులు పెరిగేకొద్దీ ఈ అవకాశం పెరుగుతుంది.

## దారి 1: వ్యాసం పెంచడం

వేగం అదే, గుళిక అదే, బెడ్ ఎత్తు అదే. అడ్డకోత మాత్రం పెరుగుతుంది. 5 సెం.మీ. నుంచి 2 మీటర్లకు వెళ్తే వైశాల్యం 1,600 రెట్లు. జోన్ మారదు, మీటరుకు ప్రెషర్ డ్రాప్ మారదు, సైకిల్ సమయం మారదు. పైలట్‌లో, అంటే చిన్న నమూనా కాలమ్‌లో, వీటి గురించి నేర్చుకున్నది నేరుగా వాడుకోగలిగిన దారి ఇది. ఇతరత్రా గట్టి కారణం లేకపోతే మొదట దీన్నే చూడమంటాను.

కష్టాలు మూడు. మొదటిది వేడి, పైన చెప్పిందే. రెండోది గ్యాస్ పంపిణీ. నాజిల్ నుంచి దూసుకొచ్చే గ్యాస్ బెడ్ నడిమధ్యను కొడుతుంది. అక్కడ గుళికలు ఎగిరి తిరుగుతూ అరిగి పొడి అవుతాయి. ఇన్‌లెట్ డిస్ట్రిబ్యూటర్ సరిగా ఉండాలి, బెడ్ మీద సిరామిక్ బంతుల పొర ఉండాలి, నింపాక పైభాగాన్ని చదును చేయాలి. ఎత్తు వ్యాసం కంటే తక్కువైతే బెడ్ పళ్లెంలా తయారవుతుంది. అలాంటి బెడ్‌ను ఎంత మంచి డిస్ట్రిబ్యూటర్ కూడా పూర్తిగా కాపాడలేదు.

మూడోది స్టీలు. పీడనం అంతే ఉంటే గోడ మందం వ్యాసంతో పాటు పెరుగుతుంది. మందపాటి గోడ నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతకంటే నెమ్మదిగా చల్లారుతుంది. కొందరు వేడి ఆదా కోసం లోపలే ఇన్సులేషన్ వేయిస్తారు. ఇంధనం ఆదా అయ్యే మాట నిజమే. కానీ ఆ లైనింగ్ పగిలితే గ్యాస్ దాని వెనక నుంచి బెడ్‌ను తాకకుండా బయటికి పోతుంది, లోపం ఎక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం. చాలా తక్కువ డ్యూ పాయింట్ కావాల్సిన చోట నేను బయటి ఇన్సులేషన్‌నే ఎంచుకుంటాను.

## దారి 2: ఎత్తు పెంచి వేగం పెంచడం

స్థలం తక్కువున్న చోట, లేదా వ్యాసం పెరిగితే గోడ మరీ మందమయ్యే చోట ఇది ఆకర్షిస్తుంది. దీనికో మంచి గుణముంది. ఎత్తు, వేగం రెండూ రెట్టింపు చేస్తే జోన్ రెట్టింపు కాదు. గ్యాస్ ప్లాంట్ డిజైన్‌లో వాడే సూత్రం ప్రకారం వేగం 0.3 ఘాతంతో జోన్ పెరుగుతుంది, అంటే 23 శాతమే. 1.5 మీటర్ల బెడ్‌లో 0.25 మీ. వృథా అవుతుంటే అది ఆరో వంతు. 3 మీటర్ల బెడ్‌లో వృథా 0.31 మీ., పదో వంతు. కొన్న గుళికల్లో ఎక్కువ భాగం పనికొస్తుంది. పంపిణీ కూడా సన్నటి, పొడవాటి బెడ్‌లోనే బాగుంటుంది.

అయితే ప్రెషర్ డ్రాప్ దగ్గర గట్టి దెబ్బ తగులుతుంది. వేగం రెట్టింపైతే మీటరుకు డ్రాప్ నాలుగు రెట్ల దాకా, పొడవు రెట్టింపు కాబట్టి మొత్తం ఎనిమిది రెట్ల దాకా. పైలట్‌లో 5 కిలోపాస్కల్స్ ఉన్నది 40 అవుతుంది. పైలట్‌లోనే 10 ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. పెద్ద గుళికలకు మారి తప్పించుకుందామంటే జోన్ సాగుతుంది, వచ్చిన లాభం చేజారుతుంది. దీనికి సగం పరిష్కారం ఉంది: పైన 3 మి.మీ., కింద చివరి భాగంలో 1.6 మి.మీ. గుళికలు వేయడం. డ్రాప్ ఎక్కువగా పైపొర నుంచే, జోన్ మాత్రం చివర్లో పొట్టిగా.

పట్టేటప్పుడు గ్యాస్‌ను పైనుంచి కిందికే పంపండి. వేగం ఎక్కువున్నప్పుడు కింది నుంచి పంపితే బెడ్ లేస్తుంది. పీడనం త్వరగా వదిలినా అదే జరుగుతుంది.

## దారి 3: బెడ్ల సంఖ్య పెంచడం

రెండు బెడ్ల పద్ధతిలో ఒకటి పట్టుతుంటే రెండోది రీజనరేషన్‌లో ఉంటుంది. కొన్న గుళికల్లో సగం ఎప్పుడూ పక్కనే ఉన్నట్టు. మూడు బెడ్లు పెట్టి రెండింటిని పనిలో, ఒకదాన్ని రీజనరేషన్‌లో ఉంచితే ఆ వాటా మూడో వంతుకు తగ్గుతుంది. ఒక్కో వెసెల్ చిన్నది కాబట్టి హీటర్ కూడా చిన్నది, అది దాదాపు ఆగకుండా నడుస్తుంది. రీజనరేషన్ గ్యాస్ ఆ తర్వాత వెళ్లే యూనిట్లకు కుదుపు తక్కువ.

కానీ సమయం బిగుస్తుంది. ప్రతి బెడ్ 12 గంటలు పనిచేస్తే వేడి చేయడం, చల్లార్చడం, పీడనం మార్చడం అన్నీ కలిపి 6 గంటల్లో అయిపోవాలి. తొందరపడి త్వరగా వేడి చేస్తే ఒక నష్టం ఉంది, పైలట్‌లో అది అసలు కనిపించదు. కింది నుంచి వచ్చే వేడి గ్యాస్ నీటిని విడిపిస్తుంది. ఆ ఆవిరి పైన ఇంకా చల్లగా ఉన్న గుళికల మీద, గోడల మీద ద్రవంగా మారి మళ్లీ కిందికి కారుతుంది. వేడి నీరు గుళికను కట్టి ఉంచే బైండర్‌ను కరిగించి ముద్ద చేస్తుంది. ల్యాబ్ కాలమ్ చుట్టూ హీటింగ్ టేప్ చుట్టి రీజనరేట్ చేస్తాం కాబట్టి గోడలు ముందే వేడిగా ఉంటాయి, ఈ కారడం ఉండదు. నేను పైలట్ పనిలో ఉన్నప్పుడు నెలల తరబడి చూసింది ఆ టేప్ ఉన్న కాలమ్‌నే. పెద్ద వెసెల్ తెరిచి, గోడ వెంట గట్టిపడిన గుళికల పెచ్చు చూశాకే నాకు తేడా అర్థమైంది. అందుకే ఉష్ణోగ్రతను మెట్లు మెట్లుగా పెంచాలి. ఆ సమయం సైకిల్‌లో లేకపోతే మూడు బెడ్ల లాభం కాగితం మీదే ఉంటుంది.

సమాంతర బెడ్ల మధ్య ఫ్లో సమంగా పంచుకోవడం మరో విషయం. ఒకదానిలో డ్రాప్ పెరిగితే రెండోదానికి ఎక్కువ గ్యాస్ వెళ్లి అది ముందుగా బ్రేక్‌త్రూ అవుతుంది. ప్రతి బెడ్‌కు వేరుగా తేమ అనలైజర్ పాయింట్ పెట్టకుండా ఈ దారిలో వెళ్లొద్దు.

## దారి 4: సైకిల్ తగ్గించడం

బెడ్‌ను చిన్నగా ఉంచి, 12 గంటలకు బదులు 6 గంటలకే మార్చడం. గుళికలు, స్టీలు సగానికి తగ్గుతాయి. ప్రతి సైకిల్‌లో జోన్ వృథా మాత్రం తగ్గదు, స్టీలును వేడి చేసే ఖర్చు రెండింతల సార్లు పడుతుంది, వేడి-చలి మార్పులతో గుళికల ఆయుష్షు తరుగుతుంది. ఉన్న ప్లాంట్‌లో సామర్థ్యం కొంచెం పెంచాలంటే ఇది మంచి దారి. కొత్త ప్లాంట్‌కు మొదటి రోజు నుంచే అతి పొట్టి సైకిల్ పెడితే, గుళికలు పాతబడ్డాక తగ్గించడానికి ఏమీ మిగలదు.

దీని చివరి రూపం ప్రెషర్ స్వింగ్, అంటే పీడనం దించి తేమను వదిలించే, హీటర్ లేని డ్రయర్. స్కార్‌స్ట్రామ్‌కు 1960లో పేటెంట్ వచ్చిన పద్ధతి. సైకిల్ నిమిషాల్లో ఉంటుంది, పట్టినప్పుడు పుట్టిన వేడి బెడ్‌లోనే ఉండి పర్జ్‌కు (పొడి గ్యాస్‌తో తేమను ఊడ్చడానికి) తోడ్పడుతుంది. బదులుగా పొడి గ్యాస్‌లో కొంత వదిలేయాలి. 7 బార్ల గేజ్ పీడనం దగ్గర అది దాదాపు 15 శాతం. చిన్న ఫ్లోకు ఆ నష్టం భరించొచ్చు. ఫ్లో పెరిగేకొద్దీ ఆ 15 శాతాన్ని కుదించిన కరెంటు బిల్లు హీటర్ ధరను దాటేస్తుంది.

## ఒక్క చూపులో

| చూసేది | వ్యాసం | ఎత్తు + వేగం | ఎక్కువ బెడ్లు | పొట్టి సైకిల్ |
|---|---|---|---|---|
| జోన్ | మారదు | కొంచెం పెరుగుతుంది, వాటా తగ్గుతుంది | మారదు | మారదు, వాటా పెరుగుతుంది |
| ప్రెషర్ డ్రాప్ | మారదు | 8 రెట్ల దాకా | మారదు | ఎత్తు తగ్గిస్తే తగ్గుతుంది |
| గ్యాస్ పంపిణీ | కష్టం | సులువు | బెడ్ల మధ్య జాగ్రత్త | వ్యాసాన్ని బట్టి |
| రీజనరేషన్ | సమంగా వేడి చేరడం కష్టం | బాగుంటుంది | సమయం బిగుతు | తరచుగా, ఖర్చు ఎక్కువ |
| వాల్వులు | తక్కువ | తక్కువ | ఎక్కువ | తక్కువే, అరుగుదల ఎక్కువ |
| పైలట్ డేటా పనికొస్తుందా | బాగా | కొత్త పరీక్ష కావాలి | బాగా | రీజనరేషన్ పరీక్ష కావాలి |

## గుళికల ఎంపిక గురించి కొంచెం

సిలికా జెల్ తడి గ్యాస్‌లో ఎక్కువ నీరు పడుతుంది, 150 డిగ్రీల చుట్టూ రీజనరేట్ అవుతుంది, కానీ మామూలు రకం మీద ద్రవ నీరు పడితే చిట్లిపోతుంది. యాక్టివేటెడ్ అల్యూమినా గట్టిది, −40 డిగ్రీల డ్యూ పాయింట్‌కు సరిపోతుంది. −100 దాకా వెళ్లాలంటే మాలిక్యులర్ సీవ్ తప్ప దారి లేదు, దానికి 200 నుంచి 300 డిగ్రీల మధ్య వేడి కావాలి. పెద్ద బెడ్‌లో పైన అల్యూమినా లేదా నీటికి తట్టుకునే సిలికా జెల్, కింద సీవ్ వేస్తే రీజనరేషన్ వేడి తగ్గుతుంది. కొత్త 4ఏ సీవ్ 20 శాతానికి పైగా నీరు పడుతుంది. సైజు మాత్రం కొన్నేళ్లు వాడాక మిగిలే సామర్థ్యం మీద వేయాలి, అది తరచూ 10–13 శాతం. పైలట్‌లో కొత్త గుళికలతో వచ్చిన అంకెను నేరుగా డిజైన్‌లో పెట్టడం ఈ పనిలో ఎక్కువ నష్టం చేసే పొరపాటు.

## ఎవరికి ఏది

ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ (ప్లాంట్‌లో వాల్వులు, పరికరాలు నడిపే గాలి) లాంటి చిన్న ఫ్లో: సొంతంగా డిజైన్ చేయొద్దు. హీటర్ లేని రెడీమేడ్ డ్రయర్, అల్యూమినాతో. ముందు ఆయిల్ ఫిల్టర్ తప్పనిసరి.

అధిక పీడన సహజ వాయువు, తర్వాత చల్లబరిచి ద్రవం చేసేది: దారి 1, 4ఏ సీవ్, 1.6 మి.మీ. కింది పొరతో. వేడి సమస్య చిన్నది కాబట్టి మీ శ్రద్ధంతా రీజనరేషన్ పంపిణీ మీద పెట్టండి. వెసెల్ తయారీకి, రవాణాకు మరీ పెద్దదైతే దారి 3.

ఇథిలీన్ ఉన్న క్రాక్డ్ గ్యాస్ (హైడ్రోకార్బన్లను వేడితో చీల్చగా వచ్చేది): దారి ఏదైనా 3ఏ సీవ్. దాని రంధ్రాల్లోకి నీరు వెళ్తుంది, ఇథిలీన్ వెళ్లలేదు. 4ఏ వేస్తే ఇథిలీన్ లాంటి ఓలెఫిన్లు లోపలికి చేరి, వేడి చేసినప్పుడు బొగ్గులాంటి కోక్‌గా మారతాయి.

వాతావరణ పీడనం దగ్గర పెద్ద ఫ్లో తడి గాలి: పోలిక మొదలుపెట్టే ముందే గాలిని చల్లార్చండి. 30 నుంచి 10 డిగ్రీలకు తెస్తే కిలోకు 27 గ్రాముల నీరు 8 గ్రాముల లోపుకు దిగుతుంది. ఆ ఒక్క పనితో బెడ్ మోయాల్సిన తేమ, వేడి రెండూ మూడో వంతు కంటే తగ్గుతాయి. తర్వాత దారి 1, తక్కువ వేగంతో.

ఫ్లో ఎంత ఉంటుందో ఇంకా తేలనివాళ్లు: దారి 3. ఫ్లో పెరిగితే మరో వెసెల్ కలుపుకోవచ్చు, తగ్గితే ఒకదాన్ని ఆపొచ్చు. పెద్ద వెసెల్‌లో ఫ్లో మూడో వంతుకు పడితే పంపిణీ దెబ్బతింటుంది.

ఉన్న ప్లాంట్‌లో పది, ఇరవై శాతం పెంచాలనుకునేవాళ్లు: ముందు దారి 4, కానీ హీటర్‌కు, ప్రెషర్ డ్రాప్‌కు అంత జాగా ఉందో చూసుకుని.

## దారి ఖరారు చేసే ముందు పైలట్‌లో

అసలు గుళికలనే, అసలు వేగంతోనే, కనీసం 10 సెం.మీ. వ్యాసం, మీటరు పైన ఎత్తున్న బెడ్‌లో నడపండి. గోడ గుండా వేడి పోకుండా, బయటి గోడను బెడ్ ఉష్ణోగ్రతకు తగ్గట్టు వేడిచేసే గార్డ్ హీటర్ పెట్టండి. అప్పుడే అది పెద్ద వెసెల్‌లా ప్రవర్తిస్తుంది. బెడ్ ఎత్తు వెంట నాలుగైదు చోట్ల ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్స్ దించండి. వేడి అల ఎప్పుడు ఎక్కడ దాటిందో చూస్తే తేమ అల ఎక్కడుందో కూడా తెలుస్తుంది, అనలైజర్ కంటే ముందే. రీజనరేషన్ చేసేటప్పుడు మాత్రం గార్డ్ హీటర్ ఆపి, వేడి గ్యాస్‌తోనే చేయండి. బయటికొచ్చే గ్యాస్ ఉష్ణోగ్రత మధ్యలో చాలాసేపు ఒకచోట నిలబడి, ఆ తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ నిలబడ్డ సమయమే నీరు పోయే సమయం. పెద్ద వెసెల్ సైకిల్‌లో వేడి దశకు ఎన్ని గంటలు ఇవ్వాలన్నది అక్కడి నుంచే లెక్కేయాలి, మిగతా సైకిల్ దాని చుట్టూ అమర్చుకోవాలి.